పుస్తకమా, సెమినారా, పెద్దల మాటా, డ్వాక్రా సంఘమా: బాగుపడటానికి ఏది మేలు?

రాజమండ్రి, భీమవరం, అమలాపురం, ఏ ఊరి బస్టాండులో చూసినా పుస్తకాల కొట్టు ముందు వరుసంతా ఇప్పుడు వ్యక్తిత్వ వికాసానిదే. అట్ట మీద మెట్లెక్కుతున్న మనిషి, పైన ఉదయించే సూర్యుడు, ధర రెండొందల నుంచి నాలుగొందల దాకా. కొనేది బాగా డబ్బున్నవాళ్లు కాదు. బ్యాంకు పరీక్షలకి ప్రిపేరయ్యే పిల్లలు, మొదటిసారి చెరువు లీజుకి తీసుకున్న కుర్రాళ్లు, దుకాణం పెట్టి దెబ్బతిన్నవాళ్లు. పుస్తకం చాలదన్నట్టు ఫోన్లో రీల్స్, ఆదివారం కల్యాణమండపంలో సెమినార్. ఇంటికొస్తే అరుగు మీద పెదనాన్న ఎలాగూ ఉంటారు. ఆడవాళ్లకైతే నెలనెలా డ్వాక్రా మీటింగు.

సలహా మీద ఇంత ఖర్చు పెడుతున్నప్పుడు ఏది పనిచేస్తోందో తూచి చూసుకోవాలి. నా తూకం మూడు ప్రశ్నలు. సలహా ఇచ్చేవాళ్లకి మన పరిస్థితి తెలుసా? మనం మునిగితే వాళ్లకీ ఎంతో కొంత తడి తగులుతుందా? వచ్చే నెల మళ్లీ వచ్చి "ఏమైంది?" అని అడుగుతారా?

పుస్తకానికి గౌరవించదగ్గ చరిత్రే ఉంది. 1859లో శామ్యూల్ స్మైల్స్ అనే స్కాట్లండ్ రచయిత 'సెల్ఫ్ హెల్ప్' అనే పేరుతోనే ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో కొందరు పనివాళ్లు, కుర్రాళ్లు, పగలంతా పనిచేసి సాయంత్రాలు ఒకచోట చేరి ఒకరికొకరు చదువు చెప్పుకునేవారు. మాకు నాలుగు మాటలు చెప్పండని వాళ్లు స్మైల్స్‌ని పిలిచారు. ఆ ఉపన్యాసాల్లోంచి పుట్టింది ఆ పుస్తకం. అంటే ముందు పుట్టింది సంఘం, తరవాతే పుస్తకం. ఆ వరసలో తరవాత వచ్చిన పుస్తకాల్లో సంఘం మాయమైపోయి ఒంటరి మనిషి మిగిలాడు. "అంతా నీ చేతుల్లోనే ఉంది" అనే మాట అక్కడ బలపడింది.

ఆ మాట గోదావరి డెల్టాలో నిలవదు. స్మైల్స్ పుస్తకం రావడానికి ఏడేళ్ల ముందు, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అంతకు ముందు 1830ల్లో ఈ నేల కరువులతో అల్లాడింది. అప్పటి రైతు సోమరి కాడు, అతనికి పట్టుదల తక్కువా కాదు. పక్కన గోదావరి పారుతున్నా పొలానికి నీళ్లు ఎక్కలేదు, అంతే. కాటన్ దొర ఆనకట్టా, దాని కాలువలూ వచ్చాక అదే మనుషులు అదే నేల మీద పండించారు. ఇవాళ్టికీ ఊరూరా ఆయన విగ్రహం ఉందంటే అందుకే. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. పదుల వేల ఎకరాలు బీడు పెట్టుకున్న ఆ రైతులకి "ఆలోచన మార్చుకో, అదృష్టం మారుతుంది" అని ఏ పుస్తకం చెప్పగలదు? వాళ్లు బాగానే ఆలోచించారు. లెక్క వేసుకుని మరీ ఆగారు.

పుస్తకంలో సలహాలు చాలావరకు తప్పు కావు. ఎవరికి చెబుతున్నాయో వాటికి తెలియదు, అదీ ఇబ్బంది. తెల్లవారుజామున ఐదింటికి లేవమంటారు. మంచిదే. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే కుర్రాడికి మాత్రం ఆ మాట చెప్పకండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారేముందే. ఏరియేటర్లు ఆగకుండా చూస్తూ, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెడుతూ అతను రాత్రంతా మేలుకునే ఉంటాడు. అతనికి కావలసింది పగలు నాలుగు గంటలు నిద్ర.

ఏడాదిగా వాడని వస్తువు బయట పారేయమని ఇంకో సలహా. లంక గ్రామాల ఇళ్లలో అటక మీద పాత టార్పాలిన్లు, మోకులు, లాంతర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక పడి, నీళ్లు వాకిట్లోకి వచ్చినప్పుడు అవన్నీ కిందికి దిగాయి. సర్దుకోవడం మంచి అలవాటే, కానీ ఏది చెత్తో నిర్ణయించే ముందు ఇల్లు ఏటికి ఎంత దూరంలో ఉందో అడగాలి కదా.

"కాదు" అనడం నేర్చుకోమనే అధ్యాయం చదివితే నాకు నవ్వొస్తుంది. గోదావరి జిల్లాల పెళ్లి భోజనంలో రెండో పూతరేకు వద్దని చూడండి. "అదేంటండీ, మీకేం లోటు చేశాం?" అంటూ మూడోది కూడా ఆకులో పడుతుంది. ఇది సరదా సంగతి. అసలు కష్టం అప్పుకి హామీ సంతకం అడిగినప్పుడు వస్తుంది. అడిగేది బావగారు. మన చేలోకి నీళ్లొచ్చే బోదె ఆయన చేను గట్టు మీంచే వస్తుంది. కళ్లలోకి చూసి స్థిరంగా కాదని చెప్పమంటుంది పుస్తకం. ఆ మర్నాడు బోదె కట్టేస్తే ఏం చెయ్యాలో చెప్పదు. ఇక్కడ కాదనడానికి ఒక మధ్యవర్తి కావాలి. ఇద్దరికీ కావలసిన మనిషి ఒకరు, "వాడికే ఈ ఏడు రెండు అప్పులున్నాయండీ, సంతకం పెట్టినా బ్యాంకోళ్లు ఒప్పుకోరు" అని మెల్లగా సర్దిచెప్పాలి. ఆ పని పుస్తకం చెయ్యలేదు.

ఇక అలవాట్ల సంగతి. ఇరవై ఒక్క రోజులు వరసగా చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందని నమ్మకంగా రాస్తారు, సెమినార్లలో పలికిస్తారు. ఈ లెక్కకి మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. ఆపరేషన్ తరవాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన గమనించాడు. అందులోంచి 'కనీసం' రాలిపోయింది, ముఖమూ రాలిపోయింది, అంకె మిగిలింది. తరవాత లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందితో నిజంగానే కొలిచి చూశారు. 2009లో వచ్చిన ఆ పరిశోధనలో మధ్యస్థంగా తేలినది 66 రోజులు. తేడా మాత్రం మనిషి మనిషికీ విపరీతం, 18 రోజుల నుంచి 254 దాకా.

లండన్ దాకా వెళ్లకుండా మన ఊళ్లోనే చూడవచ్చు. అయ్యప్ప దీక్ష నలభై ఒక్క రోజులు. ఏళ్ల తరబడి మందు మానలేనివాడు మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టడు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, అన్నీ చక్కగా చేస్తాడు. ఇరవై ఒకటికి దాదాపు రెట్టింపు రోజులు నడిచిందన్నమాట. అయినా కొందరు ఇరుముడి సమర్పించి వచ్చిన వారం లోపే పాత దారిలో కనిపిస్తారు. వాళ్ల భక్తి అబద్ధమని నేననుకోను. ఆ నలభై ఒక్క రోజులూ ఇల్లాలు వేరుగా వండింది, పసిపిల్లలు కూడా "స్వామీ" అని పిలిచారు, తోటి స్వాములు పొద్దున్నా సాయంత్రం పూజకి పక్కన నిలబడ్డారు, మందు కొట్టు వైపు అడుగేస్తే ఊరు ఊరంతా చూస్తుంది. మాల తీశాక ఇవన్నీ ఒక్కరోజులో పోయాయి. మనిషి అతనే, చుట్టూ ఉన్నదే మారింది. దీక్ష తరవాత కూడా మానేసి నిలబడినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లనడిగితే చాలామంది పట్టుదల గురించి కాక మనుషుల గురించే చెబుతారు. సాయంత్రం కూర్చునే జట్టు మార్చామంటారు, లేదా కూతురు రోజూ అడిగేదంటారు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. పట్టుదల లేదని తనని తాను తిట్టుకుంటూ పుస్తకం తరవాత పుస్తకం కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

గెలిచినవాళ్ల కథలు పుస్తకంలో ఇంకో భాగం. రిస్కు తీసుకున్నాడు, జనం నవ్వినా ఆగలేదు, కోటీశ్వరుడయ్యాడు. భీమవరం చుట్టుపక్కల ఇలాంటి కథలు ఇంటింటికీ వినొచ్చు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వేసినవాళ్లు డబ్బు చూశారు. 1994లో తెల్లమచ్చ జబ్బు, అదే వైట్ స్పాట్, వచ్చి పడింది. ఆ ఏడాది సీడ్ వేసినవాళ్లకీ ధైర్యం ఉంది, వాళ్లూ రాత్రుళ్లు మేలుకున్నారు, కానీ పొలాలు అమ్ముకున్నారు. 2009లో వనామి రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక దిగినవాళ్లు మళ్లీ మేడలు కట్టారు. ఒక్క తప్పు సంవత్సరంలో దిగిన ధైర్యవంతుడి కథ ఎవరూ అచ్చు వెయ్యరు. అందుకని గెలిచిన మనిషి దొరికితే ఆయన సక్సెస్ సూత్రాలు అడక్కండి. ఏ ఏడాది వేశారు, అప్పుడు ముప్పై కౌంటు (కిలోకి ముప్పై రొయ్యలు) ధర ఎంత, పక్క చెరువు ఎలా పోయింది, మురుగు ఎటు వదులుతారు అని అడగండి. అవి పనికొస్తాయి.

సెమినార్లూ మోటివేషన్ వీడియోలూ నాలుగింటిలో ఆఖరివి. ఇందులో నాకు తటపటాయింపు లేదు. హాల్లో అందరినీ లేపి చప్పట్లు కొట్టిస్తారు, కళ్లు మూసుకుని కొనబోయే కారు రంగు ఊహించుకోమంటారు, ఆఖర్న ఇంకా పెద్ద కోర్సుకి ఫారం పంచుతారు. కొన్నిచోట్ల ఆ ఫారం గొలుసు వ్యాపారానిది. అందులో చేరిన కుర్రాడు ముందుగా అమ్మేది సొంత మేనత్తకే. పోనీ ఊహించుకోవడం వల్ల నష్టమేముందంటారా? గాబ్రియెల్ ఎటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లల్ని రెండేళ్లపాటు గమనించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచూ ఊహల్లో తేలినవాళ్లకే ఆఫర్లు తక్కువ వచ్చాయి, జీతాలూ తక్కువే. ఉద్యోగం వచ్చేసినట్టు మనసు తృప్తిపడిపోతే అప్లికేషన్ పెట్టాలనే ఆరాటం తగ్గుతుంది. రీల్స్‌కి డబ్బు పోదు, నిద్ర పోతుంది.

పెద్దల మాట పుస్తకం కంటే చాలాచోట్ల మేలు. సామెతలే చూడండి. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మనవాళ్లే, "నిదానమే ప్రధానం" అన్నదీ మనవాళ్లే. పుస్తకాల్లోనూ ఇలాంటి ఎదురుబొదురు సలహాలే ఉంటాయి, ఒకరు దూకమంటారు, ఇంకొకరు ఆగమంటారు. కానీ ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మన ముఖం చూసి, మన చేను చూసి, ఆ రెండిట్లో ఒకటి తీస్తాడు. "ఒరే అబ్బాయ్, ఈ దాళ్వాకి (రబీ వరికి) నీళ్లు వంతులవారీగా ఇస్తారంట. శివారు భూమి కౌలుకి తీసుకోకు, చివరి తడికి నీళ్లందవు" అని పెదనాన్న ఒక్క మాటంటే, ఆ ఏడాది ఆ ఇంటికి నాలుగొందల రూపాయల పుస్తకం ఏదీ అంత మేలు చెయ్యదు. ఆయనకి కాలువ తెలుసు, మనకున్న అప్పు తెలుసు. మనం నష్టపోతే ఆయన దగ్గరికే వస్తామనీ తెలుసు.

అయితే పెద్దల మాటకి గట్టి హద్దులున్నాయి. వాళ్లకి తెలిసిన దారిలోనే అది బలంగా ఉంటుంది. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందంటే "ఎందుకమ్మా అంత దూరం, కాకినాడలో ఏదో ఒకటి చూసుకో" అనేది ప్రేమతోనే, కానీ ఆ ప్రేమే కొందరి బతుకుల్ని కట్టిపడేసింది. పెళ్లి, కులం, ఆస్తి పంపకం, ఈ మూడింట్లో పెదనాన్న తటస్థంగా ఉంటారని అనుకోలేం. కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి తీసుకోండి. పుస్తకం ధైర్యం చేసి గడప దాటమంటుంది, పెద్దలు వద్దంటారు. ఆ ఇద్దరి కంటే ఎక్కువ ఉపయోగపడేది వెళ్లొచ్చిన పక్కింటి అక్క. వీసా మీద ఏ పని రాసుందో చదివించుకో, పాస్‌పోర్టు జిరాక్స్ ఇంట్లో పెట్టి వెళ్లు, ఏజెంటుకి మొత్తం డబ్బు ముందే ఇవ్వకు. ఇందులో ఉత్సాహపరిచే మాట ఒక్కటీ లేదు, కానీ ప్రాణం కాపాడేవి ఇవే.

నా ఓటు డ్వాక్రా సంఘానికి. 1982లో కేంద్రం ఈ పథకం మొదలుపెట్టింది. 1992లో నాబార్డు పొదుపు సంఘాలని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టాక ఆంధ్రలో ఊరూరా పాకింది. పది పదిహేనుమంది ఆడవాళ్లు, నెలనెలా పొదుపు, తీర్మానాల పుస్తకంలో సంతకాలు, అప్పు ఎవరికి ముందో అక్కడే తేల్చుకోవడం. నా మూడు ప్రశ్నలకీ ఇక్కడ జవాబు ఉంది. కుట్టుమిషను కోసం అప్పడిగిన మనిషికి మిషను తొక్కడం వచ్చో రాదో పక్కన కూర్చున్నవాళ్లకి తెలుసు. ఆ వీధిలో ఇప్పటికే ఎన్ని మిషన్లున్నాయో కూడా తెలుసు. "మిషను వద్దు వదినా, నీకు పాలవాడుక బాగా నడుస్తోంది, ఇంకో గేదెని కట్టు" అని ఒకరంటే, ఆ మాటకి పూచీ ఉంది, ఎందుకంటే ఆ గేదె ఎండిపోయి కంతు ఆగితే సంఘం మొత్తానికి తరవాతి బ్యాంకు అప్పు ఆగుతుంది. మళ్లీ నెలలో కూర్చున్నప్పుడు పాలెన్ని ఇస్తోందని ఎవరో ఒకరు అడిగి తీరతారు. పుస్తకంలో ఆఖరి పేజీ అయ్యాక ఎవరూ అడగరు.

సంఘంలో లోపాలు లేవని నేను అనను. కంతు కట్టలేనప్పుడు అదే ఉమ్మడి పూచీ మెడ మీద కత్తవుతుంది, మిగతావాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. కొన్ని సంఘాల్లో లీడరు మాటే తీర్మానం. భార్య పేరున తెచ్చిన అప్పుని భర్త వాడేసుకున్న ఇళ్లు ఎన్నో. దాని మీద ప్రైవేటు మైక్రోఫైనాన్స్ అప్పులు పేరుకుని, వారం వారం వసూళ్ల ఒత్తిడికి మనుషులు ప్రాణాలు తీసుకున్న రోజులూ చూశాం. 2010 అక్టోబర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది అందుకే. ఇన్ని ఉన్నా, బ్యాంకు గడప తొక్కడానికి భయపడిన ఆడవాళ్లు మేనేజరు ఎదురుగా కూర్చుని వడ్డీ లెక్క అడగడం వాళ్లకి ఏ పుస్తకమూ నేర్పలేదు. పదిమంది కలిసి వెళ్లడం నేర్పింది.

మగవాళ్లకీ, పరీక్షలకి చదివే పిల్లలకీ అలాంటి ఏర్పాటు లేదు. హోటల్ దగ్గర కాఫీ జట్టుంటుంది కానీ ఎవరి లెక్క వాళ్లు దాచుకుంటారు. శాఖా గ్రంథాలయంలో రోజూ పక్కపక్కనే కూర్చుని ఎవరికి వారు చదువుకునే పిల్లలు నలుగురు జట్టు కట్టి, వారానికోసారి ఒకరి మాక్ టెస్టు ఇంకొకరు దిద్దితే చాలు. లీడ్స్ కుర్రాళ్లు చేసింది అదే. దానికి ఫీజు లేదు. కావాలంటే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కూడా అదే గ్రంథాలయంలో అరువు తీసుకోవచ్చు, నలుగురూ ఒకటే పుస్తకం చదివి "ఇది మనకి కుదురుతుందా?" అని వాదించుకోవచ్చు. అలా చదివితే ఆ పుస్తకాల్లో మంచి విషయాలు చాలా దొరుకుతాయి.

ఒక్క చోట మాత్రం పుస్తకం మిగతా మూడింటినీ ఓడిస్తుంది. అది గుట్టు. మన ఊళ్లలో పొద్దున సంఘంలో చెప్పింది మధ్యాహ్నానికి చెరువు గట్టు దాటుతుంది. భర్త కొడుతున్నాడని, పరీక్ష ఫెయిలయ్యానని, బతకాలనిపించడం లేదని పెదనాన్నకి చెప్పలేనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకి రాత్రి దీపం కింద, "నీ ఒక్కడికే ఇలా అవ్వలేదు" అని చెప్పే పేజీ ఒకటి ఎంతో ఆసరా. దాన్ని నేను ఎప్పుడూ చులకన చెయ్యను. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా పుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో ఎవరికీ తెలియకూడదనుకుంటే 14416కి ఫోన్ చెయ్యవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అడగరు.